రాత్రంతా లంగరు మీద ఉండాలంటే: బోటు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

సరదాగా తిరిగే బోట్ల గురించే ఇదంతా, తెరచాప బోటైనా మోటర్ బోటైనా సుమారు 7 నుంచి 14 మీటర్ల పొడవున్నవి అనుకోండి. పెద్ద ఓడల లెక్క పూర్తిగా వేరు, దాని జోలికి పోవట్లేదు. మధ్యాహ్నం ఓ గంట ఆగి ఈత కొట్టి వెళ్లిపోయేవాళ్లకి ఇందులో సగం అక్కర్లేదు, కానీ లంగరు వేసి బోటులోనే పడుకుందాం అనుకుంటే మాత్రం మొత్తం చదవండి.

లంగరు ఎంత బరువుంటే బోటు అంత గట్టిగా ఆగుతుంది, అంతేగా?

కాదండీ, అందరూ మొదట అనుకునేది ఇదే. 15 కిలోల ఇనుము ముక్క ఆరు టన్నుల బోటుని బరువుతో ఎలా ఆపుతుంది చెప్పండి? లంగరు ఆపేది నేలలోకి తవ్వుకుని దిగడం వల్ల, దాని రెక్క మీద పేరుకున్న ఇసుకో బురదో అడ్డు పడటం వల్ల. బాగా దిగిన లంగరు తన బరువుకి ఎన్నో రెట్ల లాగుడు తట్టుకుంటుంది, దిగకుండా పైన పడుకున్నది ఎంత బరువైనా ఈడ్చుకుంటూ వచ్చేస్తుంది. బరువు పనికొచ్చేది మొదట్లో, మొన నేలలో గుచ్చుకోవడానికి.

రెండో సంగతి లాగే కోణం. నేలకి సమాంతరంగా లాగితే లంగరు ఇంకా లోతుకి పోతుంది, పైకి లాగితే ఊడొస్తుంది. పొద్దున్నే మనం దాన్ని ఎత్తేది కూడా అలాగేగా, బోటుని సరిగ్గా దాని మీదకి తెచ్చి నిలువుగా లాగుతాం. అంటే రాత్రంతా ఆ కోణం రాకుండా చూసుకోవాలి, కింద చెప్పే గొలుసు, పొడవు, స్నబ్బర్ (గొలుసుకి కట్టే సాగే తాడు) గొడవంతా దీని కోసమే.

మరి ఏ రకం లంగరు కొనాలి?

ఇక్కడ ఎవరి అభిమానం వాళ్లది, గొడవలు కూడా అవుతాయి. ముందు ఏవేవి ఉన్నాయో చూద్దాం.

సీక్యూఆర్ అనేది నాగలి ఆకారపు లంగరు, 1933లో జెఫ్రీ ఇంగ్రామ్ టేలర్ అనే బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త తయారు చేసింది, అది కూడా బోట్ల కోసం కాదు, నీటి మీద దిగే విమానాల కోసం. మధ్యలో కీలు ఉంటుంది. పాత బోట్లు చాలావాటి మీద ఇప్పటికీ ఇదే కనిపిస్తుంది. పట్టుకుంటే బానే ఉంటుంది గానీ పట్టుకోవడానికే సతాయిస్తుంది, గట్టి ఇసుక మీద పక్కకి పడుకుని గీసుకుంటూ పోతుంది. డెల్టా దాని తర్వాతి తరం, కీలు తీసేసి ఒకే ముక్కగా చేశారు, అందుకే ఇంకాస్త నమ్మకంగా దిగుతుంది.

బ్రూస్ పంజా ఆకారంలో ఉంటుంది, 1970ల్లో వచ్చింది. త్వరగా పట్టుకుంటుంది, రాళ్లలో కూడా ఎక్కడో ఒకచోట తగులుకుంటుంది, కానీ అదే బరువున్న కొత్త రకాలతో పోలిస్తే దాని పట్టు తక్కువ, కాబట్టి బ్రూస్ కావాలంటే పెద్దది తీసుకోవాలి.

డాన్‌ఫోర్త్ అంటే రెండు వెడల్పాటి పలకలు కీలు మీద ఊగేది, రెండో ప్రపంచ యుద్ధంలో ఒడ్డుకి సైనికుల్ని దింపే బోట్లకి వాడిన రకం. ఇసుకలో, బురదలో దీని పట్టు బరువుకి మించి ఉంటుంది, మడిస్తే చదునుగా అయిపోతుంది కూడా. దీంట్లో అల్యూమినియం రకం ఫోర్ట్రెస్, పలకల కోణాన్ని 32 డిగ్రీల నుంచి 45కి మార్చుకోవచ్చు, ఆ 45 మెత్తటి బురద కోసం. ఇబ్బంది ఏంటంటే గాలి పూర్తిగా తిరిగినప్పుడు ఇది ఊడితే మళ్లీ తనంతట తాను పట్టుకుంటుందని నమ్మలేం, పలకల మధ్య ఒక రాయో గవ్వో ఇరుక్కుంటే ఇంక అంతే. గడ్డి మీదైతే జారుకుంటూ పోతుంది. నన్నడిగితే ఇది రెండో లంగరుగా చాలా మంచిది, ఒక్కటే లంగరుగా వద్దు.

ఇక కొత్త తరం: స్పేడ్, రోక్నా, మాన్సన్ సుప్రీమ్, మాంటస్ లాంటివి. మొన పదునుగా, రెక్క లోపలికి గుంటగా ఉంటుంది. కొన్నిటికి వెనక గుండ్రటి కడ్డీ ఉంటుంది, లంగరు తలకిందులుగా పడినా దొర్లి సరైన వైపు తిరగడానికి అది, స్పేడ్‌లో దాని బదులు మొనలో సీసం పోస్తారు. ఇవి తొందరగా దిగుతాయి, గాలి తిరిగినప్పుడు నేలలోనే తిరుగుతాయి లేదా ఊడినా వెంటనే పట్టుకుంటాయి. రాత్రి పడుకోవడానికి ఇప్పుడు కొత్తగా కొంటున్నారంటే ఈ జాతిలో ఏదో ఒకటి కొనండి, వీటిలో వీటికి తేడాల గురించి మరీ బుర్ర పాడు చేసుకోవద్దు. కొనే ముందు మీ బోటు ముందు ఉన్న రోలర్‌లో (లంగరు ఆనించి పెట్టే చక్రంలో) అది పడుతుందో లేదో మాత్రం చూసుకోండి, గుండ్రటి కడ్డీ కొన్ని బోట్లలో రెయిలింగ్‌కి తగులుతుంది.

నాలుగు కొక్కేల మడత లంగరు, పుట్టగొడుగు లంగరు చేపలు పట్టే చిన్న పడవకి, రబ్బరు డింగీకి (ఒడ్డుకి వెళ్లే చిన్న పడవకి) సరిపోతాయి. రాత్రికి పనికిరావు.

ఎంత సైజు?

కంపెనీ పట్టికలో మీ బోటు పొడవు, బరువు రెండూ చూసి, రెండిట్లో పెద్ద సైజు చూపించేది తీసుకోండి, సరిహద్దులో ఉంటే ఒక సైజు పైకి వెళ్లండి. 10–11 మీటర్ల మామూలు బోటుకి కొత్త తరంలో 15 నుంచి 20 కిలోలు మామూలే. పొడవు ఒక్కటే చూస్తే కుదరదు, ఎందుకంటే లంగరు మీద భారం పడేది ముఖ్యంగా గాలి వల్ల, ఎత్తైన క్యాబిన్ ఉన్న మోటర్ బోటుకీ రెండు పొట్టల క్యాటమరాన్‌కీ గాలి ఎక్కువ తగులుతుంది. ఇంకోటి, గాలి వేగం రెట్టింపైతే భారం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. 15 నాట్ల (గంటకి సుమారు 28 కిలోమీటర్ల) గాలిలో హాయిగా ఉన్న లంగరు మీద 30 నాట్లలో నాలుగింతలు, 40కి వెళ్తే ఏడింతలు దాటిపోతుంది. సాయంత్రం బాగుంది కదా అని చిన్న లంగరు పెట్టుకుంటే రాత్రి రెండింటికి లెక్క మారిపోతుంది.

గొలుసా, తాడా?

రాత్రిళ్లు తరచుగా ఆగేవాళ్లయితే మొత్తం గొలుసు మంచిది. రాయికి రాసుకున్నా తెగదు, బరువుగా కింద పడుంటుంది కాబట్టి లాగుడు అడ్డంగా ఉంటుంది, బోటు కూడా తక్కువ జాగాలో తిరుగుతుంది. 8 మిల్లీమీటర్ల గొలుసు మీటరుకి దాదాపు 1.4 కిలోలు, అంటే 50 మీటర్లు 70 కిలోలు, ఇదంతా బోటు ముక్కులో మోయాలి, చిన్న బోటుకి అది భారమే. తేలికపాటి బోటైతే బోటు పొడవుకి తగ్గకుండా గొలుసు, దాని వెనక నైలాన్ తాడు పెట్టుకోండి. నైలానే ఎందుకంటే అది సాగుతుంది, గాలి తోపుల్ని మింగేస్తుంది. పాలిస్టర్ అంత సాగదు. పాలీప్రొపిలీన్ నీళ్ల మీద తేలుతుంది, పక్క బోటు ఫ్యాన్‌లో చుట్టుకోవడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉండదు, వద్దు.

గొలుసు బరువు గురించి ఒక భ్రమ ఉంది. గొలుసు మధ్యలో వేలాడే ఆ వంపు గాలి మామూలుగా ఉన్నప్పుడు బాగా పనిచేస్తుంది. గాలి గట్టిగా కొడితే గొలుసు దాదాపు తిన్నగా బిగిసిపోతుంది, అప్పుడు ఆ వంపు ఉండదు, తోపు తగ్గించేదీ ఉండదు. అప్పుడు మిమ్మల్ని కాపాడేవి వదిలిన పొడవు, సాగే స్నబ్బర్.

ఎంత పొడవు వదలాలి?

లోతుకి ఇన్ని రెట్లు అని చెప్తారు కదా, అక్కడ లోతు అంటే డెప్త్ మీటర్‌లో ఇప్పుడు కనిపించే అంకె కాదు. మూడు కలపాలి: ఇప్పటి లోతు, ఇక్కణ్ణుంచి పోటుకి ఇంకా పెరగబోయే నీళ్లు, నీటి మట్టం నుంచి మీ బోటు ముందు రోలర్ ఎత్తు. ఉదాహరణకి మీటర్ 4 అంటోంది, పోటుకి ఇంకో 2 మీటర్లు పెరుగుతుంది, రోలర్ ఎత్తు 1 మీటరు, మొత్తం 7. మొత్తం గొలుసైతే ఐదు రెట్లు, 35 మీటర్లు. తాడు, గొలుసు కలిపి అయితే ఏడు రెట్లు, 49 మీటర్లు. ఇదే 4 మీటర్లనుకుని ఐదు రెట్లు అంటే 20 వదిలేవాళ్లు, నిండు పోటులో అది మూడు రెట్లు కూడా ఉండదు. మీ మీటర్ నీటి మట్టం నుంచి చూపిస్తుందా, బోటు అడుగు నుంచి చూపిస్తుందా అన్నది కూడా ఓసారి సెట్టింగ్స్‌లో చూడండి, చాలామందికి ఇది తెలియదు.

గాలి పెరుగుతుందంటే ఎనిమిది, పది రెట్లకి వెళ్లండి, జాగా ఉంటే. లాకర్‌లో ఉన్న గొలుసు వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. మూడు రెట్లు అనేది మధ్యాహ్నం భోజనానికి ఆగి, ఒకరు మేలుకుని చూస్తున్నప్పుడు మాత్రమే.

ఎంత వదిలారో తెలియాలంటే గొలుసుకి ప్రతి 10 మీటర్లకి రంగు గుర్తులు వేసుకోండి, లెక్క కాగితం లాకర్ మూత లోపల అంటించండి. గుర్తులు లేకుండా "ఒక 30 ఉంటుందిలే" అనేవాళ్లది చాలాసార్లు 20 ఉంటుంది.

చోటు ఎలా ఎంచుకోవాలి?

గాలి ఇప్పుడు ఎటు వీస్తుందన్నది కాదు, తెల్లారేలోపు ఎటు తిరుగుతుందన్నది చూడాలి. పగలు సముద్రం మీద నుంచి వచ్చే గాలి రాత్రికి ఆగిపోయి నేల మీద నుంచి మొదలవడం చాలాచోట్ల మామూలు. కొండల కింద ఆగితే రాత్రి చల్లబడిన గాలి లోయల వెంట జారి ఒక్కసారిగా మీద పడుతుంది, అందమైన ఎత్తు కొండల మధ్య చోటు అన్నిసార్లూ రక్షణ కాదు. ఒడ్డు మూడు వైపులా ఉండి, గాలి ఒడ్డు మీద నుంచి సముద్రం వైపు వీచే చోటు కావాలి. గాలి మిమ్మల్ని ఒడ్డు వైపు నెట్టే చోట లంగరు జారితే ఆలోచించుకోవడానికి కూడా టైమ్ ఉండదు.

గాలి లేకపోయినా మూల తిరిగి లోపలికొచ్చే అలలు ఉంటాయి, బోటు రాత్రంతా అటూ ఇటూ దొర్లుతుంది, ప్రమాదం కాదు గానీ నిద్ర ఉండదు. ఆటుకి నీళ్లు తగ్గాక అడుగు నేలకి తగలకుండా లోతు మిగులుతుందా, బోటు తిరిగే వలయం మొత్తంలో మిగులుతుందా చూడండి. చార్ట్‌లో, అంటే సముద్రపు పటంలో, లంగరు వేయకూడదని గుర్తున్న చోట్లు, సముద్రం అడుగు కేబుళ్లు, ఓడలు తిరిగే దారి, వీటికి దూరంగా ఉండాలి. పగడపు దిబ్బల మీద, సముద్రపు గడ్డి మీద వేయకండి, కొన్నిచోట్ల నేరం కూడా, మధ్యధరాలో పొసిడోనియా గడ్డికి అలాంటి రక్షణ ఉంది. ఆ గడ్డి మీద లంగరు పట్టు కూడా సరిగ్గా దొరకదు, వేర్ల మీద ఆగి ఆగినట్టు అనిపించి తర్వాత ఊడుతుంది.

వెలుతురు ఉండగానే చేరుకోండి. చీకట్లో చేసే ప్రతి పనీ రెండింతలు కష్టం.

కింద నేల ఎలాంటిదో తెలిసేదెలా?

చార్ట్‌లో అక్షరాలు ఉంటాయి, ఎస్ అంటే ఇసుక, ఎం అంటే బురద, సీవై అంటే బంకమట్టి, ఆర్ అంటే రాయి, డబ్ల్యూడీ అంటే నాచు లేదా గడ్డి. ఇసుక, బంకమట్టి బాగుంటాయి. మెత్తటి బురదలో వెడల్పు రెక్క కావాలి, ఓపిక కూడా. రాయి మీద పట్టదు, లేదంటే ఊడనంతగా ఇరుక్కుంటుంది. నీళ్లు తేటగా ఉంటే లేత రంగు మచ్చ ఇసుక, ముదురు మచ్చ గడ్డి లేదా రాయి, లేత మచ్చ మధ్యలో దించండి. లంగరు ఎత్తినప్పుడు దానికి అంటుకుని వచ్చిన మట్టి చూస్తే మీ ఊహ కరెక్టో కాదో తెలిసిపోతుంది.

సరే, వేసే పద్ధతి చెప్పండి.

ముందు ఒకసారి ఆ చోటు చుట్టూ నెమ్మదిగా తిరిగి లోతు చూసుకోండి. పక్కనున్న బోట్లు ఎటు తిరిగి ఉన్నాయో చూసి అదే దిక్కుకి, అంటే గాలికి ఎదురుగా, నెమ్మదిగా వచ్చి లంగరు ఎక్కడ పడాలో అక్కడ బోటుని పూర్తిగా ఆపండి. ఆగాక లంగరు దించండి, విసరకండి, సినిమాల్లో విసురుతారు గానీ విసిరితే గొలుసు దాని మీదే కుప్పగా పడి చుట్టుకుంటుంది. నేలకి తగిలాక బోటు గాలికి వెనక్కి జరుగుతూ ఉంటుంది, జరిగేకొద్దీ గొలుసు వదులుతూ పోవాలి, అది నేల మీద గీతలా పరుచుకోవాలి. గాలి లేకపోతే రివర్స్‌లో కొంచెం సాయం చేయండి, అర నాటు కూడా ఎక్కువే.

లోతుకి మూడు రెట్లు వెళ్లాక ఓసారి ఆపి గొలుసు బిగిసేలా చూడండి, లంగరు మీ వైపు తిరిగి మొన గుచ్చుకుంటుంది. తర్వాత అనుకున్న పొడవంతా వదిలేసి, గొలుసుని విండ్‌లాస్ (గొలుసు ఎత్తే యంత్రం) మీద కాకుండా హుక్ లేదా స్టాపర్ మీద కట్టేసి, అప్పుడు రివర్స్ మొదలుపెట్టండి. మొదట ఐడిల్‌లో ఒక నిమిషం, తర్వాత నెమ్మదిగా పెంచుతూ ఇంజిన్ మూడింట రెండొంతుల దాకా తీసుకెళ్లి అర నిమిషం పైగా అక్కడే ఉంచండి. ఒక్కసారిగా పెంచితే సగం దిగిన లంగరు కూడా పైకొచ్చేస్తుంది. మెత్తటి బురదైతే వేసిన వెంటనే ఇంజిన్‌తో లాగొద్దు, ఓ పావుగంట అరగంట అలా వదిలేస్తే తన బరువుకి కుదురుకుంటుంది, అప్పుడు లాగండి.

ముందున్న మనిషి, స్టీరింగ్ దగ్గర మనిషి మధ్య అరుపులు వద్దు, ఇంజిన్ శబ్దంలో వినపడవు, ఊరికే గొడవ. ముందుకి, వెనక్కి, ఆపు, వదులు, ఎత్తు, ఈ ఐదింటికీ చేతి సైగలు ముందే అనుకోండి.

పట్టిందని ఎలా తెలుస్తుంది?

రివర్స్‌లో ఉన్నప్పుడు పక్కకి చూడండి, ముందుకి కాదు. ఒడ్డు మీద ఒకదాని వెనక ఒకటి ఉన్న రెండు వస్తువులు, చెట్టు వెనక స్తంభం లాంటివి, ఒకే గీతలో ఉన్నాయా? ఆ గీత విడిపోకుండా నిలబడితే బోటు జరగట్లేదు. గొలుసు మీద చెయ్యి కానీ కాలు కానీ ఆనించండి, లంగరు ఈడుస్తుంటే టకటకమని అదురు తెలుస్తుంది, పట్టిన గొలుసు నిశ్శబ్దంగా బిగిసి ఉంటుంది. నీళ్లు వెచ్చగా తేటగా ఉంటే ఈత కళ్లద్దాలు పెట్టుకుని ఈదుకుంటూ వెళ్లి చూసి రండి, రెక్క కనపడకుండా మునిగి ఉంటే దానంత మంచి నిద్ర మాత్ర లేదు.

పట్టకపోతే? ఎత్తి మళ్లీ వేయండి. రెండోసారీ పట్టకపోతే చోటు మార్చండి. పక్క బోట్ల వాళ్లు చూస్తున్నారని మొహమాటపడి సరిగా పట్టని లంగరు మీద పడుకునేవాళ్లు ఉన్నారు, చూసేవాళ్లంతా తిరిగి వేసినవాణ్ణే మెచ్చుకుంటారు, వాళ్ల మీదకి జారేది మీ బోటే కాబట్టి.

స్నబ్బర్ అంటే? తప్పనిసరా?

మొత్తం గొలుసు వాడితే తప్పనిసరే. కొన్ని మీటర్ల నైలాన్ తాడు, ఒక చివర హుక్‌తోనో ముడితోనో గొలుసుకి, ఇంకో చివర బోటు క్లీట్‌కి (తాడు చుట్టి కట్టే కొమ్ము లాంటి పట్టుకి) కట్టి, మధ్యలో గొలుసు వదులుగా వేలాడేలా వదిలేస్తారు. అప్పుడు భారమంతా సాగే తాడు మీద పడుతుంది, కుదుపు ఉండదు, విండ్‌లాస్ పళ్లు అరగవు, బోటు ముక్కు దగ్గర పడుకున్నవాళ్లకి గొలుసు గరగర వినిపించదు. మరీ లావు తాడు పెట్టకండి, సాగకపోతే ఎందుకది? క్యాటమరాన్‌కి రెండు పొట్టల నుంచి రెండు తాళ్లు వచ్చి మధ్యలో కలుస్తాయి, అది బోటు అటూ ఇటూ ఊగడాన్ని కూడా తగ్గిస్తుంది. రాసుకునే చోట పాత హోస్ ముక్క తొడగండి.

పక్క బోటుకి ఎంత దూరం ఉండాలి?

మీరు వదిలిన పొడవుకి బోటు పొడవు కలిపితే దాదాపు మీరు తిరిగే వలయం వ్యాసార్ధం, 35 మీటర్ల గొలుసు, 10 మీటర్ల బోటైతే 45. అందరూ ఒకేలా తిరిగితే వలయాలు కాస్త కలిసినా ఫర్వాలేదు, కానీ తిరగరు. తాడు మీదున్న తేలిక బోటు గాలికి పరిగెడుతుంది, లోతైన కీల్ (అడుగున నీళ్లలోకి దిగే పలక) ఉన్న తెరచాప బోటు నీటి ప్రవాహం మాట వింటుంది, నీటి అడుగుకి కట్టి పైన తేలే బాయ్‌కి కట్టిన బోటు దాదాపు కదలదు. మీలాంటి బోట్ల పక్కన ఆగండి. ముందొచ్చినవాళ్లది హక్కు, తర్వాత వచ్చినవాళ్లు జరగాలి, ఇది ఎక్కడికెళ్లినా పాటించే మర్యాద.

లైటు పెట్టాలా?

పెట్టాలి. 1972 నాటి ఓడలు ఢీకొనకుండా చూసే అంతర్జాతీయ నియమాల్లో 30వ నియమం ఇది: రాత్రి చుట్టూ కనిపించే తెల్ల లైటు, పగలు ముందు భాగంలో నల్ల బంతి గుర్తు. చిన్న బోట్ల లైటు 2 నాటికల్ మైళ్ల దూరం కనపడాలి. 7 మీటర్ల లోపు బోట్లకి మినహాయింపు ఉంది, అది కూడా దారిలోనో, అందరూ లంగరు వేసే చోటో, బోట్లు తిరిగే చోటో కాకపోతేనే. ఎరుపు పచ్చ లైట్లు ఆపేయండి, అవి వేస్తే మీరు ప్రయాణంలో ఉన్నారని అర్థం. స్తంభం చివర ఉన్న లైటు డింగీలో వచ్చేవాడికి నక్షత్రాల్లో కలిసిపోతుంది, కింద కూడా ఒక చిన్న లైటు వేలాడదీస్తే మంచిది.

ఫోన్‌లో అలారం యాప్ పెట్టుకుని పడుకోవచ్చా?

పెట్టుకోండి, కానీ లంగరు నేలని తాకిన క్షణంలో ఆ పాయింట్ గుర్తు పెట్టండి. అంతా అయ్యాక బోటు ఉన్న చోట పెడితే వలయం తప్పు చోట గీసినట్టు, గాలి తిరగ్గానే ఊరికే మోగుతుంది, రెండుసార్లు అలా మోగాక మీరే ఆపేసి పడుకుంటారు. వ్యాసార్ధంలో గొలుసు, బోటు పొడవు, జీపీఎస్ తేడాకి ఇంకో కొన్ని మీటర్లు వేయండి. ఫోన్ ఛార్జింగ్‌లో, సౌండ్ ఫుల్‌గా, మీ తల పక్కన. అలారం చెప్పేది జారాక, జారకుండా ఆపదు.

రెండు లంగర్లు వేస్తే రెట్టింపు భద్రత కదా?

మామూలు రాత్రికి ఒక్కటి పెద్దది, సరిగ్గా దిగింది, చాలు. రెండు వేస్తే బోటు తిరిగినప్పుడు తాళ్లు మెలిపడతాయి, పైగా అర్ధరాత్రి పారిపోవాల్సి వస్తే రెండూ ఎత్తాలి. పనికొచ్చే సందర్భాలు ఉన్నాయి: ప్రవాహం ఆరు గంటలకోసారి తిరిగే ఇరుకు కాలువలో రెండిటినీ ముందు నుంచే ఎదురెదురు దిక్కుల్లో వేస్తారు. గట్టి గాలి ఒకే దిక్కు నుంచి వస్తుందని ఖాయంగా తెలిస్తే ముందు వైపు వీ ఆకారంలో వేస్తారు.

వెనక వైపు నుంచి లంగరు వేసి ఆగొచ్చా?

ఒక్క దాన్నే వెనక నుంచి వేసి ఆగడం, వద్దే వద్దు. వెనక భాగం తక్కువ ఎత్తు, చదును, ఇంజిన్ బరువు అక్కడే, అలలు నేరుగా లోపలికి కొడతాయి. చిన్న బోట్లు ఇలాగే మునుగుతాయి.

రాత్రి జారడం మొదలైతే ఏం చేయాలి?

ముందు ఇంజిన్ స్టార్ట్ చేయండి, తర్వాత ఆలోచించండి. వెనక జాగా ఉంటే ఇంకా గొలుసు వదిలి చూడొచ్చు, చాలాసార్లు అదే పట్టుకుంటుంది. వెనక బోట్లో రాళ్లో ఉంటే గొలుసు వదులుతూ కూర్చోవద్దు, గాలికి ఎదురుగా నెమ్మదిగా ముందుకెళ్తూ ఎత్తేయండి, బయటికెళ్లి మళ్లీ వేయండి. ఇది తేలికవ్వాలంటే పడుకునే ముందే ఏర్పాట్లుండాలి: తాళం ఇంజిన్‌లోనే, డెక్ మీద సామాన్లు సర్దేసి, టార్చ్ చేతికందేలా, డింగీ పైకెత్తి లేదా దగ్గరగా కట్టి, ఏ దిక్కుకి బయటికెళ్లాలో దిక్సూచి అంకె కాగితం మీద రాసి. చీకట్లో నిద్రమత్తులో ఒడ్డు ఎటుందో ఎవరికీ గుర్తుండదు.

లంగరు రాకుండా ఇరుక్కుంది, ఎలా తీయాలి?

గొలుసు నిలువయ్యేదాకా లాగి, గట్టి క్లీట్‌కి కట్టేసి, విండ్‌లాస్‌ని వదిలేసి, అలలకి బోటు ముక్కు లేచినప్పుడు అదే లాగేలా చూడండి. రాకపోతే కొంచెం గొలుసు వదిలి, వేసిన దిక్కుకి వ్యతిరేకంగా నెమ్మదిగా ఇంజిన్ మీద వెళ్లండి, చాలావరకు వచ్చేస్తుంది. రాళ్లున్న చోట వేయక తప్పదంటే ముందే లంగరు వెనక భాగానికి సన్నటి తాడు కట్టి చిన్న తేలుడు బంతికి తగిలించండి, అది లాగితే వెనక్కి ఊడొస్తుంది, కాకపోతే రద్దీగా ఉన్న చోట ఆ తాడు ఎవరి ఫ్యాన్‌లోనో పడుతుంది. పైకొచ్చింది ఎవరిదో గొలుసైతే దాని కింద నుంచి తాడు వేసి పట్టుకుని, మీ లంగరు కొంచెం దించి విడిపించి, తర్వాత తాడు వదలండి. సముద్రం అడుగు కేబుల్‌కి తగిలిందన్న అనుమానం వస్తే బలవంతం చేయకండి, కోయకండి, గొలుసు వదిలేసి చోటు గుర్తుపెట్టుకుని సంబంధిత అధికారులకి చెప్పండి.

అలా వదిలేయాల్సి వస్తుందనే గొలుసు చివరని బోటుకి షాకిల్‌తో (పిన్నుతో బిగించే ఇనుప కొక్కెంతో) కాకుండా తాడుతో కట్టాలి. తాడు డెక్ మీదకి వచ్చేంత పొడవుంటే ఒక్క కత్తి దెబ్బతో వదిలించుకోవచ్చు, దానికి ఒక బంతి కట్టేసి మర్నాడొచ్చి తెచ్చుకోవచ్చు.

స్వివెల్ కావాలా?

స్వివెల్ అంటే లంగరుకీ గొలుసుకీ మధ్య పెట్టే గుండ్రంగా తిరిగే లింకు. చాలామందికి అక్కర్లేదు, అదొక అదనపు బలహీనత. పెట్టాలనుకుంటే లంగరు కాడకి నేరుగా కాకుండా మధ్యలో కొన్ని గొలుసు లింకులు ఉంచి పెట్టండి, పక్కకి లాగినప్పుడు దాని దవడలు వంగకుండా. షాకిల్ పిన్నుని మాత్రం తీగతో కట్టేయండి, అది తనంతట తాను విప్పుకుంటుంది.